కలిసొచ్చిన ఏడాది

మా నాన్న నన్ను ఐదు నెలలు ముందే పుట్టించాడు. నేను పుట్టింది జూలైలో, వానల్లో. బడి రికార్డుల్లో మాత్రం ఫిబ్రవరిలో పుట్టాను. ఆ ఏడు మా మేనత్త తన కూతుర్ని ఒకటో తరగతిలో వేస్తోంది. దానికంటే నేనెక్కడ వెనకబడిపోతానో అని నాన్నకి బెంగ పట్టుకుంది. బడి తెరిచేది జూన్‌లో, అప్పటికి ఆరేళ్ళు నిండి ఉండాలి. నాకు ఒక్క నెల తక్కువ. ఆ ఒక్క నెల కోసం ఏడాదంతా ఇంట్లో కూర్చోబెట్టడమేమిటని పెద్ద మేడం గదిలో నిలబడి నోటికొచ్చిన తేదీ చెప్పేశాడు. అమ్మ ఆ పూట పనిలో ఉంది. సాయంత్రం ఇంటికొచ్చాక, ఒక నెల జరిపితే సరిపోయేది కదా అని అడిగిందట. నెలే జరిపితే అనుమానం వస్తుందనీ, ఎందుకైనా మంచిదని గట్టిగా లాగాననీ నాన్న చెప్పాడట.

ఏడాది కలిసొస్తుంది అన్నది నాన్న మాట. ఇంటికి చుట్టాలొస్తే చాలు, నన్ను పిలిచి పక్కన నిలబెట్టుకుని, మా పెద్దదానికి రెండు పుట్టినరోజులు తెలుసా అని మొదలుపెట్టేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. కలిసొచ్చిన ఆ ఏడాది నా నెత్తిన ఎలా కూర్చుందో ఎవరూ అడగలేదు. తరగతిలో అందరికంటే చిన్నదాన్ని. బెంచీ మీద కూర్చుంటే కాళ్ళు నేలకి ఆనేవి కావు. మిగతావాళ్ళు కూడికలు చేస్తుంటే నేను పెన్సిలు సరిగ్గా పట్టుకోవడం నేర్చుకుంటున్నాను. పొట్టిది అని పేరు పెట్టారు. ప్రతి ఏడూ చచ్చీ చెడీ గట్టెక్కేదాన్ని. మొద్దు అని టీచర్లు అంటే నేనూ నిజమేననుకున్నాను. పదకొండో తరగతిలో, ఎందుకో ఏమో, లెక్కలు అర్థం కావడం మొదలైంది. పన్నెండుకొచ్చేసరికి లెక్కల మేష్టారు బోర్డు మీద లెక్క రాసి ముందు నా వైపు చూసేవారు. ఇన్నేళ్ళు వెనకాల పరిగెత్తి పరిగెత్తి ఆ ఏడాదే అందరినీ అందుకున్నాను. సరిగ్గా అప్పుడే అమ్మకి వేరే దేశంలో ఉద్యోగం వచ్చింది.

అమ్మ పళ్ళు చేస్తుంది. డాక్టర్లు రోగుల నోటి అచ్చులు తీసి పంపిస్తే, వాటిని బట్టి మైనంతో, పింగాణీతో పళ్ళు కట్టే ల్యాబులో పని. ఆ పళ్ళు పెట్టుకుని నవ్వేవాళ్ళ మొహాలు ఎప్పుడూ చూడదు. ఆ పని చేతితో చేసేవాళ్ళు ఇప్పుడు ఎక్కడా దొరకడం లేదట. అమ్మ చేసిన పళ్ళ ఫోటోలు చూసి అక్కడి ల్యాబు వాళ్ళు రమ్మన్నారు. కుటుంబంతో సహా రావచ్చన్నారు. ఆ రోజు అమ్మ ఇంట్లో పాట పాడుకుంటూ తిరిగింది. అమ్మకి పాట వచ్చని నాకూ చెల్లికీ అప్పుడే తెలిసింది.

నాన్న సంతోషం సంగతి చెప్పక్కర్లేదు. ఆయనకి ఫోటో స్టూడియో ఉంది. ఫోన్లొచ్చాక పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ ఆయన్ని పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. పాస్‌పోర్టు ఫోటోలూ వీసా ఫోటోలూ మాత్రమే మిగిలాయి. ఏ దేశానికి ఎంత సైజు కావాలో, వెనక తెల్ల గుడ్డ కట్టాలో బూడిద రంగుదో, చెవులు ఎంత కనపడాలో ఆయనకి నోటికొచ్చు. వచ్చిన ప్రతివాళ్ళకీ గడ్డం కిందకి దింపండి, నవ్వకూడదు అని చెప్పడమే పని. ఈ వీధిలో సగం మందిని విమానం ఎక్కించింది నేనే అని చెప్పుకునేవాడు. తను ఎక్కడికీ వెళ్ళలేదన్న మాట మాత్రం ఎవరూ ఎత్తకూడదు. అలాంటి మనిషికి అవకాశం వచ్చింది, అదీ పెళ్ళాం చేతి చలవ వల్ల. నేలమీద నిలబడితే ఒట్టు.

వానలు తగ్గాక ఒక రోజు మమ్మల్నందరినీ వీసా పనులు చూసే ఏజెంటు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఎంత ఎండలోనైనా టై కట్టుకుని ఉంటాడని మేమాయన్ని టై ఆయన అనేవాళ్ళం. టై ఆయన మా పాస్‌పోర్టులు తిరగేసి, నాది పక్కన పెట్టి, అమ్మాయికి ఎప్పుడు పద్దెనిమిది నిండుతుందని అడిగాడు. నాన్న ఇంకా లెక్క వేసుకుంటూనే ఉన్నాడు, టై ఆయనే చెప్పేశాడు. పిల్లలు తల్లితో పాటు రావాలంటే అక్కడ దిగే రోజుకి పద్దెనిమిది నిండకూడదు. కాగితం మీద నాకు ఫిబ్రవరిలో నిండిపోతుంది. ఆ తర్వాత నేను ఆ ఇంట్లో పిల్లని కాను, ఎవరో బయటి మనిషిని.

"మరి నా పరీక్షలు మార్చిలో కదా" అన్నాను.

అమ్మ నెమ్మదిగా నాన్న వైపు చూసింది. నా అసలు పుట్టినరోజు జూలైలో. అదే రాసి ఉంటే మార్చిలో పరీక్షలు రాసి, ఏప్రిల్లో సామాను సర్దుకుని, మేలో హాయిగా వెళ్ళేవాళ్ళం. అబద్ధమే చెప్పాలనుకున్నా, ఒక్క నెల చెప్పి ఊరుకుంటే సరిపోయేది. ఎందుకైనా మంచిదని గట్టిగా లాగడం వల్ల వచ్చిన తంటా ఇది. తేదీ మార్పించుకోవచ్చు కదా అని నేనడిగాను. ఇన్నేళ్ళూ ఊరుకుని ఇప్పుడు మారిస్తే, అప్పుడు అబద్ధం చెప్పారా ఇప్పుడు చెబుతున్నారా అని అడుగుతారనీ, అప్పుడు నాతో పాటు అందరి దారీ మూసుకుపోతుందనీ టై ఆయన చెప్పాడు. ఆయన మంచివాడే, చెప్పేటప్పుడు నా మొహం చూడలేదు.

ఇంటికొచ్చే దారిలోనే నాన్న తేల్చేశాడు. జనవరిలో వెళ్ళిపోదాం. దీన్ని అక్కడ బడిలో వేద్దాం. మళ్ళీ పదకొండు చదవమంటారేమో, చదువుతుంది. "ఒక్క ఏడాదేగా" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక్క ఏడాది కలిసొస్తుందని నన్ను కాళ్ళు నేలకి ఆనని బెంచీ మీద కూర్చోబెట్టిన మనిషి, ఆ ఏడాది విలువ ఇప్పుడింతేనన్నట్టు చెయ్యి విసిరేశాడు. అప్పుడు నన్నడగలేదు, సరే, ఐదేళ్ళ పిల్లని. ఇప్పుడూ అడగలేదు.

ఆ నెలంతా మా ఇంట్లో నేను మనిషిని కాదు, గడువుని. చుట్టాలు ఫోన్ చేస్తే, దీనికి పద్దెనిమిది నిండేలోపు వెళ్ళిపోవాలి అని చెప్పేవాళ్ళు, పాలు విరిగిపోయేలోపు కాచాలన్నట్టు. అక్కడి వాళ్ళు ఏమైనా అడిగితే తడబడకూడదని నాన్న ఒక కొత్త పని పెట్టాడు. అన్నం తింటుంటే ఉన్నట్టుండి నీ పుట్టినరోజెప్పుడు అని అడిగేవాడు. కాగితం మీది తేదీ తడుముకోకుండా చెప్పాలి. చెల్లికి అది ఆట. నాకంటే ముందే అరిచేసేది. ఒకసారి నేను కావాలని జూలై అన్నాను. నాన్న మెతుకులు చేతిలోనే పట్టుకుని, నీకు తమాషాగా ఉందా అన్నాడు. తమాషా ఇన్నాళ్ళూ నువ్వు చేశావు, ఇప్పుడు నేను చేస్తున్నా అనాలనిపించింది. అనలేదు. కంచం తీసుకుని లేచిపోయాను.

నాకు ఒక ఆశ ఉండేది. రోజూ బడికి వెళ్ళి బుద్ధిగా చదువుకుంటూ ఉంటే, ఆఖరి నిమిషంలో ఏదో ఒకటి జరిగి ఆగిపోతామని. పరీక్ష ఫీజు కట్టేశాను. లెక్కల మేష్టారు సాయంత్రాలు కూర్చోబెట్టి ప్రత్యేకంగా చెప్పేవారు. ఒకనాడు ఆయన హాజరు పిలుస్తూ నా పేరు దగ్గర ఆగారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, నన్ను బయటికి రమ్మన్నారు.

"మీ నాన్నగారు నిన్న వచ్చి టీసీ తీసుకెళ్ళారమ్మా. నీ పేరు కొట్టేశారు. నీకు తెలుసనుకున్నాను" అన్నారు.

ఆ మేష్టారికి కోపం తెలియదు, ఆ రోజు మాత్రం చేతిలో సుద్దముక్కని విరిచి రెండు ముక్కలూ జేబులో వేసుకున్నారు. నువ్వు వెళ్ళి కూర్చో, నేను పిలవకపోయినా ఉన్నట్టే అన్నారు. నేను కూర్చోలేదు. సంచీ తీసుకుని నేరుగా స్టూడియోకి నడిచాను.

స్టూడియోలో ఒక పెద్దమనిషి స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. వెనక తెల్ల గుడ్డ, రెండు వైపులా దీపాలు. నాన్న కెమెరా వెనక నుంచి నవ్వకండి అంటున్నాడు. నేను తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను.

"నా టీసీ నువ్వెందుకు తీసుకున్నావు?"

నాన్న కెమెరా వదల్లేదు. ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం అన్నాడు. నేను కదల్లేదు. ఇక్కడే మాట్లాడదాం, ఇంట్లో అయితే నువ్వు వినవు అన్నాను.

"ఎప్పటికైనా తీసుకోవలసిందేగా. అక్కడ చేర్చాలంటే అదే అడుగుతారు."

"నాకు చెప్పాలి కదా."

"చెబితే ఒప్పుకుంటావా?"

అదీ ఆయన తర్కం. నేను ఒప్పుకోనని తెలుసు గనక చెప్పలేదు. ఒప్పుకుంటానని తెలిస్తే చెప్పేవాడన్నమాట. స్టూలు మీది పెద్దమనిషి ఎటు చూడాలో తెలియక, దీపాల వేడికి చెమటలు కక్కుతూ, బిగుసుకుని కూర్చున్నాడు. నేను ఆయన వైపు తిరిగాను. బాబాయిగారూ, మీరు ఐదేళ్ళ పిల్లని అందరికంటే ముందు పరిగెత్తించి, తీరా గీత దగ్గరికొచ్చాక కాలు అడ్డం పెడతారా అని అడిగాను. ఆయన నాన్న వైపు చూసి, నేను తర్వాత వస్తానండీ అని లేచాడు. నాన్న మొహం కందగడ్డ అయింది. నన్ను పదిమందిలో తలెత్తుకోలేకుండా చేశావు అన్నాడు. పదిమంది ఎక్కడున్నారు, ఉన్నది ఒక్కడే అన్నాను. ఇంకా చాలా అన్నాను. అన్నీ ఇప్పుడు గుర్తు లేవు గానీ, గుర్తున్నవాటిలో ఒక్కటీ వెనక్కి తీసుకోవాలని లేదు.

ఆ రాత్రి నుంచి నాన్నతో మాట మానేశాను. మేనత్త వచ్చి, పెద్దవాళ్ళు నీ మంచికే చేస్తారే అని అరగంట చెవిలో పోసింది. ఏ పిల్లని దాటి నేను ముందుండాలని ఇదంతా మొదలైందో ఆ పిల్ల, వరసకి నాకు వదిన, రెండేళ్ళ కిందటే చదువు మార్చుకుని బొమ్మలు గీసే కాలేజీలో చేరిపోయింది. దానికి ఎవరూ పోటీ లేరు. సుఖంగా ఉంది. మేనత్త వెళ్తూ వెళ్తూ, కావాలంటే పరీక్షలదాకా మా ఇంట్లో ఉంచండి, తర్వాత చూద్దాం అంది. తర్వాత చూడ్డానికి ఏముంటుందని అమ్మ అడిగితే, మాట మార్చి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

అమ్మ ఇదంతా వింటూ ఏమీ అనేది కాదు. నాకు అమ్మ మీద కూడా కోపంగానే ఉండేది. ఒక రోజు ఆ కోపంతోనే ల్యాబుకి వెళ్ళాను. చిన్న గది, కిటికీ పక్కన బల్ల, బల్ల నిండా పాలిపోయిన దవడల అచ్చులు. గాల్లో సన్నటి తెల్లని పొడి. అమ్మ చిన్న మంట మీద కత్తి మొన వేడి చేసి, మైనంతో ఒక ముందు పన్ను దిద్దుతోంది. నేను వచ్చానని చూసి కూడా పని ఆపలేదు. ముందు పళ్ళు చేసేటప్పుడు మధ్యలో ఆపితే చెయ్యి మారిపోతుందంటుంది.

నేను నిలబడే ఉన్నాను. పన్ను దిద్దడం అయ్యాక దాన్ని అచ్చులో పెట్టి, కిటికీ వెలుతురుకి పెట్టి చూసి, అప్పుడు అడిగింది.

"నీకు పరీక్ష రాయాలనుందా, నాన్న మీద కోపమా?"

"రెండూ" అన్నాను.

"ఏది ఎక్కువ?"

ఆలోచించాను. అమ్మ దగ్గర అబద్ధం ఆడలేను. పరీక్ష రాసేస్తే కోపం తగ్గుతుందేమో గానీ, కోపం తగ్గితే పరీక్ష అక్కర్లేదని మాత్రం కాదు అన్నాను. అమ్మ తల ఊపింది. నేను ఏడవకూడదనుకున్నాను. ఇప్పుడే నాకు చదువు రావడం మొదలైందమ్మా, ఇప్పుడు లేపేస్తున్నారు అనేసరికి ఏడుపు వచ్చేసింది. అమ్మ లేచి నా మొహం తుడిచింది. ఆమె వేళ్ళకున్న పొడి నా బుగ్గలకి అంటుకుంది. నువ్వు రాకపోతే నేనెలా వెళ్తాననుకున్నావు అంది. నువ్వు వెళ్ళకుండా ఉండాలని నేనెప్పుడన్నా అన్నానా అన్నాను. అది నిజం. ఆ ల్యాబులో అమ్మ చేసిన పళ్ళకి పేరంతా డాక్టర్లది. ఇన్నేళ్ళకి ఎవరో ఆ చేతుల్ని అడిగి మరీ పిలిచారు. అమ్మ ఆగిపోతే నేను పరీక్ష రాసినా ఆ పరీక్ష నాకు అరిగేది కాదు.

తర్వాతి వారం సంతకాలకి టై ఆయన ఆఫీసుకి వెళ్ళాం. నాన్న కొత్త చొక్కా వేసుకున్నాడు. పెట్టెలు కూడా చూసి పెట్టుకున్నాడు, చక్రాలవి. టై ఆయన టిక్కెట్లు ఎన్ని అని అడిగితే నాన్న నాలుగని నాలుగు వేళ్ళు చూపించాడు.

"రెండు" అంది అమ్మ.

అమ్మ గొంతు పెంచలేదు. ల్యాబులో డాక్టరు మనిషికి ఏ పన్ను ఎప్పటికి సిద్ధమవుతుందో చెప్పే గొంతుతోనే చెప్పింది. నేనూ చిన్నదీ వెళ్తాం. పెద్దది ఇక్కడ పరీక్ష రాస్తుంది, తర్వాత తనంతట తను చదువు మీద దరఖాస్తు చేసుకుంటుంది. నాన్న ముందు నవ్వాడు. దీన్ని మా అక్క దగ్గర వదిలేద్దామంటావు, అంతేనా అన్నాడు.

"లేదు. మీరుంటారు."

"నేనా?"

"తేదీ వేసింది మీరు కదా" అంది అమ్మ.

అంతే. టై ఆయన బల్ల మీద కాగితాలు సర్దడం మొదలుపెట్టాడు, సర్దవలసినవి ఏమీ లేకపోయినా. నాన్న అమ్మ వైపూ నా వైపూ చూశాడు. నేనేదో అమ్మకి నూరిపోశానని అనుకున్నట్టున్నాడు. నేను నిజంగా నూరిపోయలేదు. నాకే నమ్మకం కుదరలేదు. మీకు వయసు అడ్డు లేదు కదా, ఎప్పుడైనా రావచ్చు అని టై ఆయన సర్దిచెప్పబోయి, అమ్మ చూపు చూసి ఆగిపోయాడు.

దారి పొడుగునా నాన్న అగ్గి మీద గుగ్గిలం అయ్యాడు. ఆడది ఒక్కతే పిల్లని తీసుకుని అంత దూరమా అన్నాడు. ఉద్యోగం ఆడదాన్నే కదా రమ్మంది అంది అమ్మ. నలుగురూ ఏమనుకుంటారు అన్నాడు. అనుకుంటారు అంది. పన్నెండేళ్ళ కిందట చేసినదానికి ఇప్పుడు శిక్షా అన్నాడు. శిక్ష కాదు, దానికి పద్దెనిమిది నిండేది మీ కాగితంలోనే, నా కడుపులో కాదు, దాని దగ్గర ఎవరో ఒకరు ఉండాలి, మీ తేదీకి మీరుండండి అంది. అమ్మ అన్ని మాటలు ఒకేసారి మాట్లాడడం మేమెప్పుడూ చూడలేదు.

ముందుగా టీసీ వెనక్కి ఇవ్వాల్సి వచ్చింది. నాన్న ఒక్కడే వెళ్ళాలని అమ్మ షరతు. నేను తరగతి కిటికీలోంచి చూశాను. పెద్ద మేడం గది బయట గోడకి ఆనుకుని నిలబడ్డాడు. లోపలికి పిలవడానికి ఆమె చాలాసేపు తీసుకుంది. పన్నెండేళ్ళ కిందట అదే గదిలో ఆయన తడుముకోకుండా నా తేదీ చెప్పి ఉంటాడు. ఇప్పుడు లోపల ఏం చెప్పాడో నాకు తెలియదు. బయటికొచ్చేటప్పుడు చొక్కా వీపంతా తడిసిపోయి ఉంది. జాలి వేయలేదు. వేయాలని నేనూ ప్రయత్నించలేదు. మర్నాడు లెక్కల మేష్టారు హాజరులో నా పేరు గట్టిగా పిలిచారు, పక్క తరగతికి వినపడేంత గట్టిగా.

అమ్మా చెల్లీ జనవరిలో వెళ్ళారు. వెళ్ళే ముందు అమ్మ నాకు వంట రాసి ఇవ్వలేదు, నాన్నకి నేర్పింది. చెల్లి నా మంచం మీద ఎక్కి దూకుతూ, నేను నీకంటే ముందు వెళ్తున్నా అని ఆట పట్టించింది. దాని పుట్టిన తేదీ అమ్మే దగ్గరుండి రాయించింది. అది ఏ తొందరా లేకుండా పెరుగుతోంది.

ఇల్లు నాకూ నాన్నకీ మిగిలింది. ఒకే చూరు కింద, మాటల్లేకుండా. పొద్దున్నే కూర మాడిన వాసనతో మెలకువ వచ్చేది. మాడిన కూర తెచ్చి పుస్తకాల పక్కన పెట్టి వెళ్ళేవాడు. తినేదాన్ని. బాగుందని చెప్పేదాన్ని కాదు, బాగుండేది కాదు కూడా. స్టూడియోకి వచ్చినవాళ్ళు, అదేమిటండీ, మీరు వెళ్ళలేదా, మీ ఆవిడ వెళ్ళిపోయిందటగా అని అడిగేవాళ్ళు. మొదట్లో ఏవేవో చెప్పి నీళ్ళు నమిలేవాడు. తెల్ల గుడ్డ ముందు కూర్చున్న ప్రతివాడూ ఎక్కడికో వెళ్ళిపోయేవాడే. ఈయన వాళ్ళ గడ్డాలు సరిచేస్తూ ఇక్కడే. అది తలుచుకుంటే నాకు సంతోషంగా ఉండేది. తప్పనిపిస్తే అనిపించనీ, ఉండేది.

ఫిబ్రవరిలో ఆ తేదీ వచ్చింది. లోకమంతటి లెక్కలో నాకు పద్దెనిమిది నిండిన రోజు. అన్నేళ్ళలో ఆ రోజు ఇంట్లో జోకులు లేకుండా గడవడం అదే మొదలు. నాన్న గుమ్మం దగ్గర నిలబడి ఏదో అనబోయి, గ్యాసు అయిపోయింది అని చెప్పి వెళ్ళిపోయాడు.

మార్చిలో పరీక్షలు. రోజూ పొద్దున బండి తీసి బయట నిలబెట్టేవాడు. నేను వెనక కూర్చునేదాన్ని, ఆయన భుజం పట్టుకోకుండా సీటు వెనక కమ్మీ పట్టుకుని. దింపి, నేను లోపలికి వెళ్ళేదాకా ఉండి, బయటికి వచ్చేసరికి అక్కడే ఉండేవాడు. మధ్యలో స్టూడియో తెరిచేవాడో లేదో నేనడగలేదు. లెక్కల పరీక్ష రోజున అన్ని ప్రశ్నలూ అయిపోయాక ఇంకా సమయం మిగిలింది. కాళ్ళు కింద పెట్టి చూసుకున్నాను. నేలకి ఆనుతున్నాయి. ఎప్పటినుంచో ఆనుతూనే ఉండి ఉంటాయి గానీ, ఆ రోజే గమనించాను. బయటికొచ్చి బండి ఎక్కాక, ఎలా రాశావని నాన్న అడగలేదు. నేనే చెప్పాను, బాగా రాశానని. బండి కాస్త తూలింది. సర్దుకున్నాడు.

ఫలితాలు వచ్చాయి. అమ్మ ఫోనులో ఏడ్చింది, చెల్లి వెనకాల అరిచింది. మార్కులు చూసి లెక్కల మేష్టారు నన్ను మొద్దన్న టీచర్ల పేర్లు ఒక్కొక్కటే చెప్పి, వాళ్ళకి మిఠాయి నేనే పంచుతానన్నారు. అక్కడి కాలేజీకి దరఖాస్తు పెట్టుకోవడానికి దారి దొరికింది. పిల్లగా కాదు, విద్యార్థిగా. ఆ దారి పొడుగు, అడ్డంకులెక్కువ, అమ్మ వాళ్ళున్న ఊరు కూడా కాదు. అమ్మతో కలిసి ఒకే ఇంట్లో ఉండే వయసు నాకు కాగితం మీద అయిపోయింది. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా పళ్ళు పటపటా కొరుక్కునేదాన్ని. ఇప్పటికీ కొరుక్కుంటాను.

వానలు మొదలయ్యాయి. జూలైలో నా పుట్టినరోజు నాడు పొద్దున నాన్న నన్ను స్టూడియోకి రమ్మన్నాడు. దరఖాస్తుకి కొత్త ఫోటో కావాలన్నాడు. అది సాకని నాకు తెలుసు, ఫోటో ఇంకెప్పుడైనా తీయొచ్చు. అయినా వెళ్ళాను. బయట వాన, లోపల దీపాలు. నాన్న తెల్ల గుడ్డ ముడతలు సరిచేసి, కంప్యూటరు ముందు కూర్చుని దరఖాస్తు తెరిచాడు. నా పేరు కొట్టాడు. తర్వాత గడి దగ్గర వేళ్ళు ఆగిపోయాయి.

"పుట్టిన తేదీ ఏది వేయను?" అన్నాడు.

నన్ను అడిగాడు. పన్నెండేళ్ళు ఆలస్యంగా, అదీ జవాబు తనకి తెలిసిన ప్రశ్న. నా వైపు తిరగలేదు. ఆయన మెడ వెనక జుట్టు ఎప్పుడు నెరిసిందో నేను చూడలేదు.

"నువ్వు వేసిందే వేయి నాన్నా. ఇంక బతికినంత కాలం అదే" అన్నాను.

ఫిబ్రవరి తేదీ కొట్టాడు. నెమ్మదిగా, ఒక్కొక్క అంకె. కొట్టాక కాసేపు అలాగే కూర్చుని, ఇవాళ నీ పుట్టినరోజు కదా అన్నాడు. అవునన్నాను. ఆయన లేచి కెమెరా వెనక్కి వెళ్ళాడు. నేను స్టూలు మీద కూర్చున్నాను. చెవులు కనపడాలి అంటే జుట్టు వెనక్కి దోపుకున్నాను. గడ్డం కొంచెం కిందకి అన్నాడు. దించాను.

"నవ్వకూడదు" అన్నాడు, అలవాటుగా.

"నవ్వట్లేదు" అన్నాను.

ఆ ఫోటో ఒక్కసారికే సరిగ్గా వచ్చింది.